ముందొచ్చిన అయ్యో

ఈ వేసవిలో మా ఆవిడకి నేను ఆరు నెలల ఆయుష్షు పెట్టాను. మూడు పెడదామనే అనుకున్నాను గాని, వింటున్నావిడ లెక్కల టీచరు. మరీ తక్కువైతే నిలదీస్తుందేమోనని ఆరు దగ్గర ఆగాను.

చెడ్డ బుద్ధితో చేసిన పని కాదు. నేను సినిమా రచయితని. పేరు సూర్యప్రకాశరావు. ఆ పేరు తెర మీద పడే వేళకి జనం ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు కాబట్టి మీకు తెలిసి ఉండకపోవచ్చు. కబడ్డీ మీద ఒకటి, పరుగు పందెం మీద ఒకటి, కుస్తీ మీద ఒకటి, మొత్తం మూడు ఆటల సినిమాలకి క్లైమాక్సులు రాశాను. మూడింట్లోనూ హీరో ఆఖరి క్షణంలో గెలిచాడు. మూడింట్లోనూ వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిజం ఆట మాత్రం ఒక్కటి కూడా కూర్చుని పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఎవరు గెలుస్తారో తెలియని దాని ముందు మూడు గంటలు కూర్చోవడం నాకు చేతకాదు. దేశమంతా క్రికెట్ చూస్తూ గోళ్ళు కొరుక్కుంటుంటే నేను హాయిగా పడుకుంటాను. పొద్దున పేపర్లో ఫలితం చూసుకుని, మనవాళ్ళు గెలిచారని రూఢి అయ్యాక, కావాలంటే ఓ నాలుగు బంతులు ఫోన్లో చూస్తాను. ఆ నాలుగూ బావుంటాయి. మిగతాదంతా ఎడిటర్ కత్తిరించాల్సిన సరుకు.

మా ఆవిడ రాజ్యలక్ష్మి డబ్బింగ్ ఆర్టిస్టు. మాటలు చెప్పే డబ్బింగ్ కాదు, రియాక్షన్లు. అంటే హీరోయిన్ పరిగెత్తితే ఆయాసం, మెట్ల మీంచి జారితే కేక, చెంపదెబ్బ తింటే "అబ్బా", కబురు వింటే "అయ్యో". సినిమా మొత్తం అయ్యాక ఇలాంటివన్నీ ఒక పూట విడిగా కూర్చోబెట్టి చెప్పిస్తారు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది రాజ్యం. యూసుఫ్‌గూడలో ఒక చీకటి గదిలో మైకు ముందు కదలకుండా నిలబడి, గంటలో మూడుసార్లు కొండ మీంచి పడి, రెండు పురుళ్ళు పోసుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చి చారు పెట్టేది.

పోయినేడాది ఆ పని తగ్గింది, తరవాత ఆగిపోయింది. కేకలకీ మూలుగులకీ కంప్యూటర్ వచ్చింది. మీట నొక్కితే చాలట, ఏ వయసు అయ్యో కావాలంటే ఆ వయసు అయ్యో వస్తుందట. రాజ్యం దాని గురించి ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అందుకే. పొద్దున నాకు కాఫీ ఇచ్చి బాల్కనీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా అక్కడే. కింద ఫిల్మ్ నగర్ రోడ్డు మీద షూటింగ్ కారవాన్లు దుమ్ము లేపుకుంటూ పోతుంటే చూస్తూ ఉండేది. "ఏమిటి ఆలోచిస్తున్నావు?" అంటే "ఏమీ లేదండీ" అనేది. నా మీద విసుక్కోవడం కూడా మానేసింది. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో అలాంటి రోజులు నేను ఎరగను.

ఫిబ్రవరిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో షటిల్ కోర్టు గీశారు. ఒకరోజు ఆడవాళ్ళలో నలుగురికి ఒకరు తక్కువై మా ఇంటి బెల్లు కొట్టారు. కాలేజీలో ఎప్పుడో ఆడానంటూ చీర కుచ్చిళ్ళు బిగించి వెళ్ళిన మనిషి రెండు గంటల తరవాత చెమటతో, ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చింది. మర్నాడు చుడీదార్ కొనుక్కుంది. ఏప్రిల్‌లో యాభై దాటిన ఆడవాళ్ళ టోర్నమెంట్ పెట్టేసరికి మా ఇంట్లో ఫ్రిజ్ మీద రాకెట్లు, పప్పుల డబ్బాలో మోకాలి పట్టీలు.

సెమీఫైనల్ అయిన రోజు వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది నా గదిలోకి.

"పంతొమ్మిది పదహారు మీద ఉన్నానండీ. ఆవిడ కొట్టిన దెబ్బ నేరుగా నా మొహం మీదకే వచ్చింది. నేనేం చేశానంటే..."

"గెలిచావా?"

"చెబుతున్నానుగా."

"గెలిచావో లేదో ముందు చెప్పు. తరవాత ఎంతసేపైనా వింటాను."

"అలా అయితే అసలు చెప్పను, పొండి," అని వెనక్కి తిరిగింది. మళ్ళీ ఆగలేక తనే వచ్చింది. గెలిచిందట. ఆదివారం ఫైనల్. షేక్‌పేట రమామణి టీచర్ మీద. ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ ఓడించలేదట.

"మరి నువ్వు ఓడిస్తావా?"

"తెలీదు," అని పెద్దగా నవ్వింది. "నిజంగా తెలీదండీ!"

తెలీదన్న మాటని అంత సంతోషంగా పలకగలరని నాకు అప్పటిదాకా తెలీదు. తను నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. నేను మాత్రం బాల్కనీలో ఖాళీగా ఉన్న ఆ కుర్చీ కేసి చూశాను. ఓడిపోతే? మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంటుందా? ముప్పై ఏళ్ళు స్టూడియో అద్దం వెనక నిలబడ్డ మనిషి, ఒక్కసారి జనం ముందుకొచ్చి ఓడిపోతే? క్లైమాక్సుని అలా గాలికి వదిలేయడం నా వృత్తిలో మహాపాపం. మర్నాడు పొద్దున్నే షేక్‌పేట బయల్దేరాను.

రమామణి గారి ఇల్లు పాత ఊరి సందులో ఉంది. వరండాలో నేల మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పొడుగాటి మనిషి, బిగించి వేసుకున్న జడ, చేతిలో ఎర్ర పెన్ను.

"ఏంది సార్, గింత పొద్దుగాల వచ్చిన్రు? కూసోన్రి. చాయ్ తాగుతరా?"

తాగుతానన్నాను. తాగుతూ మొదలుపెట్టాను. నాకు కథ చెప్పడం ఒకే రకంగా వచ్చు, హీరోలకి చెప్పే రకం.

"ఓపెన్ చేస్తే ఒక చీకటి గదండీ. ఒక మైకు. ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆమె గొంతు అందరికీ తెలుసు, ఆమె మొహం ఎవరికీ తెలీదు..."

ఆవిడ వింటూనే పేపర్లు దిద్దుతోంది. ఇంటర్వెల్ దాకా వచ్చాను. కంప్యూటర్ రావడం, బాల్కనీ, మౌనం, అన్నీ చెప్పాను. "బాల్కనీ" అన్నప్పుడు నా గొంతు నిజంగానే వణికింది. ఆవిడ ఒక పేపరు మీద ఇంత పెద్ద సున్నా చుట్టి పక్కన పెట్టింది.

"అయితే ఏమంటరు? నేను ఓడిపోవాల్నా?"

"ఆదివారం ఒక్కరోజు..."

"ఇరవై ఏండ్ల సంది పిల్లలకు కాపీ కొట్టొద్దని చెప్తున్న సార్ నేను. గిప్పుడు నేనే దొంగాట ఆడాల్నా? మీ మేడం మంచిగ ఆడుతది. ఆడి గెలవమనున్రి."

కథ పడిపోతోందని తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా కథలు చెప్పే గదుల్లో ఉన్నవాణ్ణి. వినేవాళ్ళ కళ్ళు గోడ గడియారం మీదకి పోగానే చెయ్యి దానంతట అదే ఒక మందు తీసి కలుపుతుంది. ఆ మందు పేరు రక్తం.

"ఆమెకి రక్తానికి సంబంధించిన జబ్బండీ," అన్నాను.

ఎర్ర పెన్ను ఆగింది. "ఏం జబ్బు?"

"డాక్టర్లకే ఇంకా అంతు చిక్కలేదు."

"ఎన్ని దినాలు అన్నరు?"

నేను ఆరు నెలలు పెట్టింది అక్కడే. ఆవిడ కాసేపు లెక్క చూసుకుంది.

"మరి నిన్న సెమీస్ల ఉరికురికి కొట్టింది గద సార్? నేను గాడనే కూసోని చూసిన."

"అదేనండీ ఆవిడ గొప్పతనం."

రమామణి గారు పెన్ను మూత పెట్టింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మా అక్క గూడ గట్లనే పోయింది సార్. ఆఖరి దినం దాక నవ్వుకుంటనే ఉండె," అంది. "పోనియ్యిన్రి. ఓడిపోత. ఆమెకు మాత్రం తెల్వొద్దు."

నిజం చెప్పేయాల్సిన క్షణం అదే. నాకు సిగ్గేసింది కూడా. కాని చాయ్ గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించి, ఎవరికీ చెప్పవద్దని రెండుసార్లు బతిమాలి లేచి వచ్చేశాను.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మా కాలనీ సెక్రటరీ శ్రీనివాసులు గారికి తప్ప. అంపైరు ఆయనే కాబట్టి ఆయనకి చెప్పడం ధర్మం అనుకుందట. శ్రీనివాసులు గారు పాతికేళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఒక సంగతి ఆయన చెవిన పడిందంటే యూనిట్ మొత్తానికి చేరినట్టే.

గురువారం రెండో అంతస్తు వాళ్ళు బొప్పాయి ఆకు రసం పంపారు. సాయంత్రం మరొకరు దానిమ్మకాయలు తెచ్చారు. బట్టలు ఇస్త్రీ చేసే రాజమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి రాజ్యం చేతికి స్వయంగా కట్టి, తల నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

రాజ్యం ఉబ్బితబ్బిబ్బయింది. "ఫైనల్‌కి వస్తే ఇంత మర్యాద చేస్తారాండీ! ముప్పై ఏళ్ళు సినిమాల్లో చేశాను. ఒక్కరంటే ఒక్కరు ఒక జామకాయ ఇచ్చిన పాపాన పోలేదు."

"ఆ రసం తాగు. మంచిదట," అన్నాను గోడకేసి చూస్తూ.

"ఇంత చేదుగా ఉందేమిటి?"

"ఆటగాళ్ళంతా అదే తాగుతారట."

శుక్రవారం మా నిర్మాత చలపతిరావు గారు ఫోన్ చేశారు. నేనాయనకి నాలుగో ఆటల సినిమా క్లైమాక్స్ ఇవ్వాల్సి ఉంది. అది అడుగుతారనుకుని మూడు సాకులు సిద్ధం చేసుకున్నాను.

"రావుగారూ, విన్నాను. మనసంతా అదోలా అయిపోయిందండీ."

"అదేం లేదు సార్..."

"భార్య. జబ్బు. ఆట. ఆరు నెలలు. ఏం పాయింటండీ! మన కథలో ఆ కుర్రాణ్ణి తీసేసి ఈవిణ్ణి పెడితే ఎలా ఉంటుంది?"

"సార్, ఆవిడ మా ఆవిడ."

"అదే కదా మంచిది. హక్కులు ఇంట్లోనే ఉన్నాయి."

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. అంతకుముందు మ్యాచులకి పదిమంది కూడా లేరట, ఆ రోజు ఎనభై మంది దాకా ఉన్నారు. సగం మంది చేతుల్లో రుమాళ్ళు ఉన్నాయి. శ్రీనివాసులు గారు స్టూలెక్కి కూర్చుని "సైలెన్స్!" అని అరిచారు, అలవాటు కొద్దీ. రాజ్యం వెనకాల గీత పక్కన ఒక దిండు వేసిన కుర్చీ పెట్టించారు.

"ఇదెందుకండీ?" అంది రాజ్యం.

"ఊరికేనమ్మా. చేతికి అందుబాటులో ఉంటుందని."

ఆట మొదలైంది. రమామణి గారు లెక్కల్లో ఎంత గట్టిదో నటనలో అంత అధ్వాన్నమని మొదటి నిమిషంలోనే తేలిపోయింది. షటిల్ కాక్ కుడిపక్కకి వస్తుంటే ఆవిడ ఎడమపక్కకి ఒక అడుగు వేసి, గట్టిగా "అయ్యో!" అని, ఆ తరవాత అది కింద పడేదాకా ఓపిగ్గా నిలబడేది. రాజ్యం పాయింటు గెలిచినప్పుడల్లా జనం మెల్లగా, ఆసుపత్రిలో పేషెంటు నిద్ర చెడకూడదన్నట్టు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. మొదటి గేము ఇరవై ఒకటి తొమ్మిది.

నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అంతా రాసుకున్నట్టే జరుగుతోంది. నిజం చెప్పాలంటే కాస్త విసుగ్గా ఉంది. ఫోన్ తీసి మెసేజీలు చూసుకున్నాను కూడా.

రాజ్యం మాత్రం నవ్వడం లేదు. రెండో గేములో పాయింటు వచ్చినప్పుడల్లా ఒకసారి రాకెట్టు కేసి, ఒకసారి టీచరు కేసి చూసి తల కొంచెం పక్కకి వంచుతోంది. ఆ వంపు నాకు తెలుసు. థియేటర్లో తెర మీద పెదవికీ చెవిలో గొంతుకీ పొంతన కుదరకపోతే అలాగే వంచుతుంది. నా కాళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి.

పన్నెండు నాలుగు మీద రాజ్యం సర్వీస్ చేయాలి. చేయలేదు. కాక్‌ని గుప్పిట్లో పట్టుకుని నెట్ దగ్గరికి నడిచింది.

"టీచర్ గారూ, మీ అయ్యో ముందొస్తోంది."

"ఏంది అక్కా?"

"కాక్ ఇంకా గాల్లో ఉండగానే అయ్యో అంటున్నారు. పడ్డాక కదా అనాలి? పడుతుందని మీకు ముందే ఎలా తెలుస్తోంది?"

ఇరవై ఏళ్ళుగా కాపీ చీటీలు పట్టుకున్న టీచరు, చీటీతో దొరికిపోయిన పిల్లలా నిలబడింది. రాకెట్టు కింద పడేసి, నెట్ మీంచే రాజ్యం రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

"నాతోని అయితలేదు అక్కా. నీకు ఆర్నెల్లే ఉన్నయట గద. సంతోషంగ పోవాలె గదా అని..."

"ఎక్కడికి?" అంది రాజ్యం.

శ్రీనివాసులు గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎక్కడికి పోవాలండీ నేను? ఎవరు చెప్పారు మీకు?"

ఎనభై తలలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

కేకలేస్తుందనుకున్నాను. నలుగురిలో కడిగేస్తుందనుకున్నాను. అవేవీ కాలేదు. నావైపు చూసిన ఆ మొహం, మధ్యాహ్నం దాకా బాల్కనీలో కూర్చునే మొహం. దేన్ని తప్పిద్దామని షేక్‌పేట దాకా పోయానో దాన్నే నా చేతులతో తెచ్చి తన ముందు పెట్టాను. నాకు ఏడుపొచ్చింది.

"ముప్పై ఏళ్ళు," అంది రాజ్యం, పెద్ద గొంతేం కాదు, "పడకుండానే పడ్డట్టు, దెబ్బ తగలకుండానే తగిలినట్టు అరిచి బతికానండీ. ఇదొక్కటి నిజంగా చేస్తున్నాననుకున్నాను."

నేను చేతులు జోడించాను. తను చూడలేదు, అప్పటికే శ్రీనివాసులు గారి వైపు తిరిగిపోయింది.

"సెక్రటరీ గారూ, ఆ స్కోరు మొత్తం తీసేయండి. మళ్ళీ మొదట్నించీ ఆడతాం. ఒక్క గేమే, ఇరవై ఒకటికి."

"రూల్స్ ఒప్పుకోవమ్మా. ఒక గేము అయిపోయాక..."

"టేక్ బాగా రాలేదనుకోండి."

పాతికేళ్ళ సర్వీసు ఆ మాటకి లేచి నిలబడింది. "వన్ మోర్!" అని అరిచారు శ్రీనివాసులు గారు. "కుర్చీ తీసేయండ్రా అక్కణ్ణించి!"

రాజ్యం మళ్ళీ నెట్ దగ్గరికి వెళ్ళింది. "టీచర్ గారూ, నాకే జబ్బూ లేదు. గుండ్రాయిలా ఉన్నాను. మీరిప్పుడు జాలిపడ్డారో, మనిద్దరికీ మాటలుండవు."

రమామణి గారు కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదుకుంది. అప్పుడు నావైపు చూసింది. "మా అక్కను యాది చేసుకొని నాలుగు దినాల సంది అన్నం తింటలేను సార్," అంది. తరవాత వంగి రాకెట్టు తీసుకుంది.

ఆవిడ కొట్టిన మొదటి స్మాష్ రాజ్యం కాళ్ళ దగ్గర పడి గోడ దాకా దొర్లింది. అది నా మీద కోపంతో కొట్టిందని హాల్లో అందరికీ అర్థమైంది. ఐదు సున్నా అయింది. ఎనిమిది రెండు అయింది. జనం రుమాళ్ళు జేబుల్లో పెట్టేసుకున్నారు. రాజ్యం ఒగరుస్తోంది, జుట్టు ఊడిపోయింది, మోకాలి పట్టీ జారిపోయింది. నేను మనసులో కథ కట్టుకోవడం మొదలుపెట్టాను. సరే, ఇక్కణ్ణించి పుంజుకుంటుంది, పదిహేను దగ్గర సమానం చేస్తుంది, చివర్లో ఒక్క పాయింటుతో గెలుస్తుంది. పుంజుకుంది. కాని నేను అనుకున్నచోట కాదు. పదకొండు దగ్గరే సమానం చేసేసి, మళ్ళీ వరసగా నాలుగు పోగొట్టుకుని, మళ్ళీ మూడు తెచ్చుకుంది. నేను కట్టిన కథని రెండు నిమిషాలకోసారి కూల్చేస్తోంది. కాసేపయ్యాక కట్టడం మానేశాను. నాకింక వ్యవధి లేదు, కళ్ళు కాక్ వెంట పరిగెడుతున్నాయి.

పదిహేడు పదిహేడు. పద్దెనిమిది పదిహేడు. ఎవరో "ఔట్! ఔట్!" అని గొంతు చించుకుంటున్నారు. కాస్త సంస్కారం ఉండక్కర్లేదా అనుకుని చూస్తే అది నేనే. ఏ గీత దేనికో కూడా నాకు తెలీదు. పంతొమ్మిది పంతొమ్మిది దగ్గర శ్రీనివాసులు గారు నన్ను ప్లాస్టిక్ కుర్చీ మీంచి దిగమని హెచ్చరించారు. ఎప్పుడు ఎక్కానో గుర్తులేదు. పక్కనున్న పెద్దమనిషి భుజం పట్టుకుని ఉన్నాను, ఆయన నా చొక్కా పట్టుకుని ఉన్నారు. ఆయనెవరో ఈరోజుకీ నాకు తెలీదు.

"ఎవరు గెలుస్తారండీ?" అని అడిగాను ఆయన్ని, ప్రాణం పోతున్నట్టు.

"నాకేం తెలుసండీ, చూడండి!" అని కసిరారాయన.

నెట్ దాటగానే పడేలా రాజ్యం మెల్లగా వేసిన ఒక డ్రాప్ నెట్‌లోనే పడింది. ఇరవై పంతొమ్మిది.

ఆఖరి పాయింటు ఎంతసేపు ఆడారో లెక్కపెట్టలేదు. ఈ మూల నుంచి ఆ మూలకి రాజ్యం పరిగెత్తిన పరుగు, ముప్పై ఏళ్ళలో మైకు ముందు నిలబడి పరిగెత్తిన పరుగులన్నీ కలిపినా అంత ఉండదు. పడబోయి లేచి ఎత్తింది. వెనక్కి వంగి ఎత్తింది. చివరికి రమామణి గారు కొట్టిన దెబ్బ నెట్ పైపట్టీకి తగిలి, అక్కడ ఒక క్షణం ఆగి, ఏ వైపు పడాలో ఆలోచించుకుని, మా వైపు పడింది. అంతే. న్యాయమూ లేదు, కారణమూ లేదు. నేనిలా రాసుకెళితే చలపతిరావు గారు కాగితాలు నా మొహాన కొట్టేవారు.

రాజ్యం దానికోసం ముందుకి దూకి, అందక, కోర్టు మీద బోర్లా పడింది. పడ్డాక, "అబ్బా!" అంది.

ఆ గొంతులోంచి కొన్ని వేల అబ్బాలు విన్నాను నేను. అలాంటిది వినలేదు. అందులో నొప్పీ ఉంది, కోపమూ ఉంది, నవ్వూ ఉంది. రమామణి గారు నెట్ కిందనుంచి దూరి వచ్చి చెయ్యందించింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. హాలు దద్దరిల్లిపోయింది. నేను అంత మందిలో ఏడుస్తూ చప్పట్లు కొడుతున్నాను, మా ఆవిడ ఓడిపోయినందుకు కాదు, ఎందుకో నాకే తెలీదు.

బయటికి వస్తుంటే రమామణి గారు కప్పు చంకలో పెట్టుకుని నన్ను ఆపింది. క్షమాపణ చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

"కథ మంచిగ చెప్తరు సార్ మీరు," అంది. "ఇంకోపాలి మా ఇంటికి రాకున్రి. అక్కను తోలియ్యిన్రి."

కొండెక్కి ఇంటికి నడిచాం. నేను రాకెట్ల సంచి మోస్తూ రెండడుగులు వెనక నడిచాను. మలుపు దాకా చప్పుడు లేదు. బాల్కనీ కుర్చీ నా కళ్ళ ముందే ఉంది. మలుపు తిరిగాక ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగింది.

"పంతొమ్మిది మీద నేను ఆ డ్రాప్ వేయకుండా ఉండాల్సిందండీ."

"ఆఁ?"

"ఆవిడ వెనక గీత మీదే ఉంది, నిజమే. కాని నా మోకాలు అప్పటికే వణుకుతోంది. వెనక్కే ఎత్తేయాల్సింది. మీరు చూశారా లేదా?"

"చూశాను. నాకూ వెనక్కి ఎత్తితే బావుణ్ణనిపించింది."

"మీకేం తెలుసు, మీ మొహం," అంది. ఏడాది తరవాత నా మీద విసుక్కోవడం అదే మొదలు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. తరవాత ఇంటిదాకా ఆపలేదు. భోజనం దగ్గర పప్పుగిన్నె నెట్ అయింది, నిమ్మకాయ కాక్ అయింది. పదకొండో పాయింటు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను "తరవాత?" అన్నాను.

చేతులు కడుక్కుంటూ అంది. "ఆరు నెలలు పెట్టారు కదూ నాకు?"

నేను పప్పుగిన్నె తీసి సింకులో పెట్టాను.

"అక్టోబర్ చివర్లో వెటరన్స్ టోర్నమెంట్ ఉంది. ఆ టీచరు కూడా వస్తుంది. లెక్క సరిగ్గానే పెట్టారు. రేపట్నించి పొద్దున్నే ఐదున్నరకి మీరు నెట్‌కి అవతల నిలబడాలి, ఆరు నెలలూ. అదే మీకు శిక్ష."

చలపతిరావు గారికి క్లైమాక్స్ పంపాను. బంతి నెట్‌కి తగిలి ఇటు పడుతుంది, హీరో ఓడిపోతాడు అని రాశాను. ఆయన వెంటనే ఫోన్ చేసి "రావుగారూ, ఇప్పుడు మీకు బాగోలేదా?" అని అడిగారు. ఆ సినిమా వేరే ఎవరో రాస్తున్నారు.

ఇప్పుడు జూన్. వానలు పడుతున్నాయి, కోర్టు లోపలే కాబట్టి శిక్షకి సెలవు లేదు. నాకు నడుం నొప్పి, రెండు బొబ్బలు, పదివేల రూపాయల బూట్లు. మొదటి వారం ఇరవై ఒకటి సున్నా. రెండోవారం ఒక పాయింటు వస్తే ఇంటికొచ్చి ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను. బాల్కనీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, మోకాళ్ళకి నూనె రాసుకోవడానికి.

నిన్న నాకు ఏడు పాయింట్లు వచ్చాయి. ఏడోది ఎలా వచ్చిందో చెప్పాలి. తను ముందుకి వస్తోందని చూసి తల మీంచి వెనక్కి ఎత్తాను. తను వెనక్కి పరిగెత్తింది. జాలిపడి వదిలేస్తోందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించి నిలబడ్డాను. కాక్ గీతకి జానెడు ఇవతల పడింది.

పడ్డాకే అంది, "అయ్యో!"